క్వాలిఫయర్స్ పట్టికను మీరే లెక్కేయడం ఎలా? అండర్-17 ఆసియా కప్ ఉదాహరణతో

భారత కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టు క్వాలిఫయర్స్, అంటే ఆసియా కప్‌కు అర్హత మ్యాచ్‌లు, ఆడిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు వస్తాయి. "13 గోల్స్ కొట్టి కూడా ఎందుకు వెళ్లలేదు?" "రెండో స్థానంలో ఉన్నాం కదా, ఛాన్స్ ఉందా?" "ఇద్దరికీ పాయింట్లు సమానమైతే ఎవరు పైన?" సమాధానం కోసం ఎవరినీ అడగక్కర్లేదు. ఒక కాగితం, పెన్ను, ఆ ఏడాది నిబంధనలు ఉంటే పది నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు.

ముందుగా ఒక్క మాట. ఐపీఎల్ పాయింట్ల పట్టిక చూసి చూసి మనకు ఒక అలవాటు పడిపోయింది: పాయింట్లు సమానమైతే నెట్ రన్‌రేట్ చూస్తాం. ఫుట్‌బాల్‌కి వచ్చేసరికి అదే చేత్తో గోల్ డిఫరెన్స్, అంటే కొట్టిన గోల్స్‌కూ తిన్నవాటికీ తేడా, చూసేస్తాం. ఆసియా యూత్ క్వాలిఫయర్స్‌లో గోల్ డిఫరెన్స్ మొదటి కొలత కాదు, వరసలో చాలా వెనక వస్తుంది. లెక్క తప్పేవాళ్లలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

కావాల్సినవి

- ఆ ఏడాది టోర్నీ నిబంధనల పుస్తకం. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఎఫ్‌సీ, వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పాయింట్లు సమానమైతే ఏం చేయాలో చెప్పే భాగం, వేర్వేరు గ్రూపుల రెండో స్థానాలను పోల్చే భాగం ఉంటే చాలు.
- గ్రూపులో ఇప్పటిదాకా జరిగిన అన్ని మ్యాచ్‌ల స్కోర్లు. మన జట్టువి మాత్రమే ఉంటే లెక్క ముందుకు సాగదు.
- మిగిలిన మ్యాచ్‌ల జాబితా, మన టైములో. థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది, సౌదీది రెండున్నర గంటలు వెనక, ఉజ్బెకిస్థాన్‌ది అరగంట వెనక, కిర్గిజ్‌స్థాన్‌ది అరగంట ముందు.
- గళ్ల కాగితం. లైవ్ స్కోర్ యాప్ ఉన్నా కాగితం కావాలి. ఎందుకో 3వ మెట్టులో తెలుస్తుంది.

1. ముందు ఒకటే చూడండి: ఎంతమంది వెళ్తారు?

స్కోర్లు ముట్టుకోకముందే ఇది తేల్చుకోండి. ఏటా మారే విషయం ఇదే. నిరుటి లెక్క ఈ ఏడాదికి పనికొస్తుందని అనుకోవద్దు.

2025 అండర్-17 ఆసియా కప్ కోసం 2024 అక్టోబరులో జరిగిన క్వాలిఫయర్స్‌లో 10 గ్రూపులు. పది గ్రూపుల విజేతలు, రెండో స్థానాల్లో మెరుగైన 5 జట్లు, ఆతిథ్య సౌదీ అరేబియా కలిపి 16. అంటే రెండో స్థానానికీ దారి ఉంది.

2026 టోర్నీకి వచ్చేసరికి పద్ధతి మారింది. 2025 అండర్-17 ప్రపంచకప్ ఆడిన 9 ఆసియా జట్లకు నేరుగా చోటిచ్చారు. మిగిలిన 7 చోట్లకు 7 గ్రూపుల విజేతలు. రెండో స్థానం వస్తే ఇంటికే. ఆ ఏడాది "బెస్ట్ రన్నరప్‌గా వెళ్తామా" అని అడగడమే దండగ.

ఇక్కడే వయసు సంగతి కూడా చూసేయండి. టోర్నీ జరిగే ఏడాదిలోంచి 17 తీసేస్తే వచ్చే ఏడాది జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే ఆడాలి. 2026 టోర్నీకి 2009 జనవరి 1. క్వాలిఫయర్స్ అంతకుముందు ఏడాదే జరుగుతాయి కాబట్టి మైదానంలో కనిపించేవాళ్లలో ఎక్కువమంది పదిహేను, పదహారేళ్ల పిల్లలే.

2. గ్రూపులో ఎన్ని జట్లున్నాయో లెక్కపెట్టి గళ్లు గీయండి

నాలుగు జట్లుంటే 6 మ్యాచ్‌లు, ఒక్కొక్కరికి 3. అయిదుంటే 10 మ్యాచ్‌లు, ఒక్కొక్కరికి 4, ప్రతి రౌండ్‌లో ఒక జట్టు ఖాళీగా కూర్చుంటుంది. ఆరుంటే 15 మ్యాచ్‌లు, ఒక్కొక్కరికి 5.

ఎడమ పక్కన జట్ల పేర్లు నిలువుగా, పైన అవే పేర్లు అడ్డంగా రాయండి. అడ్డ వరస జట్టు కొట్టిన గోల్స్ ముందు, తిన్నవి తర్వాత. క జట్టు గ జట్టును 2-1తో ఓడిస్తే క వరసలో గ కింద 2-1 అని, గ వరసలో క కింద 1-2 అని రాయాలి. ఒకే స్కోరును రెండుసార్లు రాయడం దేనికని మానేయొద్దు. తర్వాత సరిచూసుకునేటప్పుడు ఇదే ఆదుకుంటుంది.

గెలిస్తే 3, డ్రా అయితే 1. ఒక జట్టు మధ్యలో తప్పుకుంటే ఆ వరస, ఆ నిలువు రెండూ కొట్టేయండి, ఆ జట్టుతో ఆడిన మ్యాచ్‌లు లెక్కలో ఉండవు. ఎవరికైనా మ్యాచ్ ఓడినట్టు ప్రకటిస్తే, ఉదాహరణకు అర్హత లేని ఆటగాణ్ని దింపితే, స్కోరు 0-3గా రాసుకోవాలి. మైదానంలో అంతకంటే ఘోరంగా ఓడి ఉంటే ఆ అసలు స్కోరే నిలుస్తుంది.

3. పాయింట్లు సమానమా? ముందు ముఖాముఖి

ఏఎఫ్‌సీ క్వాలిఫయర్స్‌లో వరస ఇలా ఉంటుంది. కాగితం మూల రాసి పెట్టుకోండి:

అ) సమానంగా ఉన్న జట్ల మధ్య మ్యాచ్‌లలో వచ్చిన పాయింట్లు
ఆ) ఆ మ్యాచ్‌లలోనే గోల్ డిఫరెన్స్
ఇ) ఆ మ్యాచ్‌లలోనే కొట్టిన గోల్స్
ఈ) ఇంకా కొన్ని జట్లు సమానంగానే ఉంటే, ఆ కొన్నింటి మధ్య మ్యాచ్‌లకే పై మూడూ మళ్లీ మొదటినుంచి
ఉ) గ్రూపు మొత్తం మ్యాచ్‌లలో గోల్ డిఫరెన్స్
ఊ) గ్రూపు మొత్తం మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్
ఋ) రెండే జట్లు మిగిలి, ఆ రెండూ చివరి రౌండ్‌లో ఒకదానితో ఒకటి ఆడి ఉంటే పెనాల్టీ షూటౌట్
ఎ) కార్డుల లెక్క
ఏ) లాటరీ

మనమంతా ముందు చూసే మొత్తం గోల్ డిఫరెన్స్ ఎక్కడుందో చూశారా? ఈ వరసలో అయిదో చోట. చాలా లైవ్ స్కోర్ యాప్‌లు టోర్నీ నడుస్తున్నప్పుడు జట్లను గోల్ డిఫరెన్స్ ప్రకారం పేర్చేస్తాయి. అందుకే యాప్‌లో మొదటి స్థానం చూసి సంబరపడితే మర్నాటికి అది రెండో స్థానమని తేలుతుంటుంది.

రెండు జట్లే సమానమైతే పని తేలిక. 2025 నవంబరులో అహ్మదాబాద్‌లో జరిగిన గ్రూపు చూడండి. భారత్, ఇరాన్, పాలస్తీనా, చైనీస్ తైపీ, లెబనాన్. మనవాళ్లు పాలస్తీనాతో 1-1 డ్రా, చైనీస్ తైపీపై 3-1 గెలుపు, లెబనాన్ చేతిలో 0-2 ఓటమి. మూడు మ్యాచ్‌లకు 4 పాయింట్లు. చివరి మ్యాచ్ ఇరాన్‌తో, వాళ్లకు అప్పటికే 7. గెలిస్తే 7-7. అప్పుడు చూసేది ఇద్దరి మధ్య జరిగిన ఒకే ఒక మ్యాచ్, అది మనం గెలిచిన మ్యాచ్. కాబట్టి ఇరాన్‌ను దాటడానికి 1-0 చాలు, ఎన్ని గోల్స్ తేడాతో అన్న ప్రశ్నే లేదు. నవంబరు 30న 2-1తో గెలిచారు, గ్రూపులో మొదటి స్థానంతో ఆసియా కప్‌కు వెళ్లారు.

4. మూడు జట్లు సమానమైతే చిన్న పట్టిక వేయండి

కష్టమంతా ఇక్కడే, కాస్త నెమ్మదిగా వెళ్దాం. క, గ, చ, ట అని నాలుగు జట్లు అనుకోండి. స్కోర్లు:

క 2-1 గ
చ 2-0 ట
క 1-0 ట
గ 1-0 చ
చ 3-1 క
గ 7-0 ట

క, గ, చ మూడింటికీ 6 పాయింట్లు, ట జట్టుకు సున్నా. మొత్తం గోల్ డిఫరెన్స్ చూస్తే గ జట్టు +7తో దర్జాగా పైన, చ +3, క సున్నా. యాప్ కూడా గ జట్టునే పైన చూపించొచ్చు.

ఇప్పుడు ట జట్టు వరసను చేత్తో మూసేయండి. సమానంగా ఉన్న మూడు జట్ల మధ్య మ్యాచ్‌లే మిగలాలి. ఒక్కొక్కరికి ఒక గెలుపు, ఒక ఓటమి, 3 పాయింట్లు. అ) దగ్గర తేలలేదు. ఇక గోల్స్:

చ: కొట్టినవి 3, తిన్నవి 2, తేడా +1
గ: కొట్టినవి 2, తిన్నవి 2, తేడా 0
క: కొట్టినవి 3, తిన్నవి 4, తేడా −1

చ మొదటిది, గ రెండోది, క మూడోది. గ జట్టు కొట్టిన ఏడు గోల్స్ ఈ పట్టికలో ఎక్కడా లేవు.

మూడు జట్లలో ఒకటి పైకి వెళ్లి రెండు సమానంగా మిగిలితే ఏం చేయాలన్నది ఎక్కువమంది దాటేసే మెట్టు. ఇంకో ఉదాహరణ: క 1-1 గ, గ 1-1 చ, క 0-0 చ. ట జట్టును క 3-0తో, చ 2-0తో, గ 1-0తో ఓడించాయి. ముగ్గురికీ 5 పాయింట్లు. చిన్న పట్టికలో ముగ్గురికీ 2 పాయింట్లు, ముగ్గురికీ తేడా సున్నా. కొట్టిన గోల్స్ చూస్తే గ జట్టుకు 2, మిగతా ఇద్దరికీ ఒక్కొక్కటి. గ మొదటిది. ట జట్టును అందరికంటే తక్కువ తేడాతో ఓడించింది గ జట్టే, అయినా అదే పైన.

ఇక క, చ మిగిలాయి. ఇప్పుడు పాత చిన్న పట్టికను పక్కన పడేసి, ఈ రెండింటి మధ్య మ్యాచ్ ఒక్కటే చూడాలి. 0-0, అక్కడా తేలలేదు. అప్పుడు, ఆ తర్వాతే, మొత్తం గోల్ డిఫరెన్స్‌కు వెళ్తాం: క +3, చ +2. క రెండోది.

హెచ్చరిక: ఈ పద్ధతి ఏఎఫ్‌సీ క్వాలిఫయర్స్‌ది. 2022 ప్రపంచకప్ గ్రూపుల్లో ముందు మొత్తం గోల్ డిఫరెన్స్ చూశారు. టోర్నీ మారితే వరస మారుతుంది. నిబంధనల పుస్తకం తెరవకుండా లెక్క మొదలుపెట్టొద్దని అనేది ఇందుకే.

5. చివరి రౌండ్‌కు ముందు "మనకేం కావాలి" పట్టిక

నాలుగు జట్ల గ్రూపులో చివరి రౌండ్‌కు రెండు మ్యాచ్‌లుంటాయి. ఒక్కోదానికి మూడు ఫలితాలు, మొత్తం తొమ్మిది గళ్లు. ముందు పాయింట్లు మాత్రమే నింపండి. తొమ్మిదిలో చాలా గళ్లు అక్కడే తేలిపోతాయి. పాయింట్లు సమానమైన గళ్లకు మాత్రమే 3, 4 మెట్లు వాడండి.

పైన వేసుకున్న మొదటి ఉదాహరణలోనే ఆఖరి రెండు మ్యాచ్‌లు ఇంకా జరగలేదనుకోండి. క జట్టుకు 6, గ, చ జట్లకు చెరో 3, ట జట్టుకు 0. మీరు గ జట్టు అభిమాని. ఆఖరి మ్యాచ్ ట జట్టుతో. "పది గోల్స్ కొడితే గ్రూపు మనదే" అని పక్కనున్నవాడు అంటాడు. నిజమేనా?

గ గెలిచిందనుకుందాం, 6 పాయింట్లు. క-చ మ్యాచ్‌లో:

- క గెలిస్తే క జట్టుకు 9. గ రెండోది.
- డ్రా అయితే క జట్టుకు 7. గ రెండోది.
- చ గెలిస్తే ముగ్గురికీ 6, చిన్న పట్టిక వేయాలి.

ఈ మూడోదాన్ని విడదీద్దాం. గ జట్టు చిన్న పట్టిక అప్పటికే మూసేసినట్టే: క చేతిలో 1-2, చ మీద 1-0, తేడా సున్నా, గోల్స్ 2. ఆఖరి మ్యాచ్‌లో ఏం చేసినా అది మారదు. చ రెండు గోల్స్‌కు తగ్గని తేడాతో గెలిస్తే చ పైన, గ రెండు, క మూడు. ఒక్క గోల్ తేడాతో గెలిస్తే ముగ్గురి తేడా సున్నాయే, అప్పుడు గోల్స్ లెక్క:

- చ 1-0తో గెలిస్తే క 2, గ 2, చ 1. క, గ మధ్య మళ్లీ మొదటినుంచి చూడాలి. క గెలిచింది కాబట్టి క మొదటిది, గ రెండోది.
- చ 2-1తో గెలిస్తే క 3, గ 2, చ 2. క మొదటిది. గ, చ మధ్య గ గెలిచింది కాబట్టి గ రెండోది.
- చ 3-2తో గెలిస్తే క 4, చ 3, గ 2. గ మూడోది!

అంటే గ జట్టు ఆఖరి మ్యాచ్‌లో పది కాదు, ఇరవై కొట్టినా మొదటి స్థానం రాదు. పైగా పక్క మ్యాచ్ 3-2గా ముగిస్తే మూడో స్థానానికి జారుతుంది. ఆటలో ఇంకా 90 నిమిషాలుండగానే ఇది కాగితం మీద తెలిసిపోతుంది. పక్కనున్నవాడితో పందెం కాసే ముందు ఈ గళ్లు నింపుకోండి.

గ్రూపంతా ఒకే మైదానంలో ఆడుతుంటే చివరి రోజు మ్యాచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి జరగొచ్చు. అప్పుడు రెండో మ్యాచ్ ఆడేవాళ్లకు తమకేం కావాలో ముందే తెలుస్తుంది. మీ పట్టికలో మొదటి మ్యాచ్ అయిపోగానే తొమ్మిది గళ్లలో ఆరు కొట్టేయొచ్చు.

6. రెండో స్థానాల పోలిక: 13-0 ఎటు పోయింది?

వేర్వేరు గ్రూపుల్లో రెండో స్థానంలో ఉన్న జట్లు ఒకదానితో ఒకటి ఆడి ఉండవు కాబట్టి ఇక్కడ ముఖాముఖి లేదు. వరస: పాయింట్లు, గోల్ డిఫరెన్స్, కొట్టిన గోల్స్, కార్డులు, లాటరీ. మనకు అలవాటైన లెక్కే. కానీ ఈ వరస మొదలయ్యే ముందు ఒక కత్తెర పడుతుంది.

గ్రూపులన్నీ ఒకే సైజులో లేనప్పుడు, ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాళ్లకు లాభం కలగకుండా, పెద్ద గ్రూపుల్లో అట్టడుగు జట్టుతో ఆడిన మ్యాచ్‌ను తీసేస్తారు. ఏ గ్రూపులో ఎవరితో ఆడింది తీసేస్తారన్నది అన్నిటికంటే చిన్న గ్రూపు సైజును బట్టి ఉంటుంది.

2024 అక్టోబరు, థాయ్‌లాండ్. భారత్ బ్రూనైపై 13-0, తుర్క్‌మెనిస్థాన్‌పై 1-0, ఆతిథ్య థాయ్‌లాండ్ చేతిలో 2-3. రెండో స్థానం. మామూలు లెక్కలో:

మ్యాచ్‌లు 3, పాయింట్లు 6, గోల్స్ 16-3, తేడా +13

బ్రూనై మ్యాచ్ తీసేశాక:

మ్యాచ్‌లు 2, పాయింట్లు 3, గోల్స్ 3-3, తేడా 0

పదమూడు గోల్సూ, వాటితో వచ్చిన మూడు పాయింట్లూ గాల్లో కలిసిపోయాయి. అదే క్వాలిఫయర్స్‌లో వియత్నాం కిర్గిజ్‌స్థాన్‌తో 0-0, మయన్మార్‌పై 2-0, యెమెన్‌తో 1-1. మొత్తం 5 పాయింట్లే, మనకంటే ఒకటి తక్కువ. అయినా కత్తెర పడ్డాక వాళ్లే ముందు నిలిచి వెళ్లారు, మనం ఆగిపోయాం. బలమైన జట్లతో డ్రా చేసుకుని తెచ్చుకున్న పాయింటుకు ఉన్న విలువ, బలహీన జట్టుపై కొట్టిన పదో గోల్‌కు ఉండదు.

అలాగని రెండో స్థానం ఎప్పుడూ దండగ కాదు. 2022 అక్టోబరులో సౌదీలో అయిదు జట్ల గ్రూపులో మనవాళ్లు మాల్దీవులు, కువైట్, మయన్మార్‌లపై గెలిచి, సౌదీ చేతిలో 1-2తో ఓడి రెండో స్థానంతోనే 2023 ఆసియా కప్‌కు వెళ్లారు. అక్కడ ఒక మ్యాచ్ తీసేసినా చేతిలో రెండు గెలుపులు మిగిలాయి.

చేయాల్సిన పని:

- ప్రతి గ్రూపులో రెండో స్థానం జట్టుకు రెండు వరసలు రాయండి: మొత్తం లెక్క, కత్తెర పడ్డాక లెక్క.
- అట్టడుగు జట్టు ఎవరో గ్రూపు ముగిసేదాకా ఖాయం కాదు. నాలుగో స్థానానికి ఇద్దరు పోటీలో ఉంటే రెండు విధాలుగానూ లెక్కేయండి. మనం ఒకరిపై గెలిచి, మరొకరితో డ్రా చేసుకుని ఉంటే, డ్రా అయిన జట్టు అట్టడుగున ఉండటమే మనకు మంచిది. తీసేసేది 3 పాయింట్ల మ్యాచ్ కాకుండా 1 పాయింటు మ్యాచ్ అవుతుంది.
- ఏదైనా జట్టు తప్పుకుందన్న వార్త వస్తే, అది మన గ్రూపు కాకపోయినా, మొత్తం మళ్లీ వేయండి. ఎక్కడో ఒక గ్రూపు చిన్నదైతే కత్తెర అందరి మీదా పడొచ్చు.

7. కార్డుల లెక్క

అరుదుగా అవసరమవుతుంది, అవసరమైనప్పుడు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. మొదటి మ్యాచ్ నుంచే పక్కన రాసుకుంటూ వెళ్లండి. పసుపు కార్డుకు 1, రెండు పసుపులతో వచ్చిన ఎరుపుకు 3, నేరుగా ఎరుపుకు 3, పసుపు తిన్నాక నేరుగా ఎరుపు వస్తే 4. ఒక మ్యాచ్‌లో ఒక ఆటగాడికి వీటిలో ఒక్కటే పడుతుంది. తక్కువ ఉన్న జట్టు పైన. రెండు పసుపులతో బయటికెళ్లినవాడికి 1+1+3 అని 5 వేయడం మామూలుగా జరిగే పొరపాటు, అక్కడ 3 మాత్రమే.

లెక్క సరిపోయిందా? నాలుగు పరీక్షలు

పట్టిక పూర్తయ్యాక ఇవి చూడకుండా ఎవరికీ పంపొద్దు. ఒక్కోదానికి అర నిమిషం చాలు.

- అన్ని జట్లు కొట్టిన గోల్స్ కూడండి, తిన్నవి కూడండి. రెండూ ఒకటే రావాలి.
- అందరి గోల్ డిఫరెన్స్ కూడితే సున్నా రావాలి. మొదటి ఉదాహరణలో 0, +7, +3, ట జట్టుకు −10. సున్నా. చిన్న పట్టికకూ ఇదే పరీక్ష: +1, 0, −1.
- మొత్తం గెలుపులు, మొత్తం ఓటములు సమానం కావాలి. డ్రాల వరస కూడితే సరి సంఖ్య రావాలి.
- మొత్తం పాయింట్లు = ఫలితం తేలిన మ్యాచ్‌లు × 3 + డ్రాలు × 2. మొదటి ఉదాహరణలో ఆరూ తేలాయి, 18. రెండోదాంట్లో మూడు తేలాయి, మూడు డ్రా, 9 + 6 = 15.

గోల్స్ పరీక్ష తప్పితే స్కోరు ఎక్కడో తిరగబడింది. గళ్లలో క వరస గ నిలువుతో, గ వరస క నిలువుతో సరిపోతుందో చూడండి, నిమిషంలో దొరుకుతుంది. గోల్స్ సరిపోయి పాయింట్లు తప్పితే ఎక్కడో డ్రాకు ఒక జట్టుకే పాయింటు వేసి ఉంటారు.

పరీక్షలన్నీ నెగ్గినా మీ వరస ఏఎఫ్‌సీ ప్రకటించిన వరసతో కలవకపోతే మూడు చోట్ల వెతకండి. మూడు జట్ల లెక్కలో రెండు మిగిలాక మళ్లీ మొదటినుంచి చూశారా, లేక నేరుగా మొత్తం గోల్ డిఫరెన్స్‌కు దూకారా? ఏదైనా మ్యాచ్‌కు తర్వాత 3-0 ఇచ్చారా? కత్తెర వేయాల్సిన మ్యాచ్ వేరే జట్టుదా?

ఎక్కువమంది అడిగే ఇంకొన్ని

షూటౌట్ నిజంగా జరుగుతుందా? ఆఖరి రౌండ్‌లో ఆడుతున్న ఇద్దరూ ఆట ముగిసేసరికి పాయింట్లు, మొత్తం గోల్ డిఫరెన్స్, మొత్తం గోల్స్ అన్నింటా సమానంగా ఉండి, మూడో జట్టు వాళ్లతో సమానంగా లేకపోతేనే. గ్రూపు మ్యాచ్ డ్రాగా ముగిశాక ఆటగాళ్లు వెళ్లిపోకుండా మధ్య గీత దగ్గర నిలబడి ఉంటే కంగారుపడొద్దు, ఇదే సంగతి.

ఆసియా కప్‌కు వెళ్తే ప్రపంచకప్ ఆడినట్టేనా? కాదు. 16 జట్లు నాలుగు గ్రూపులుగా ఆడతాయి, ఒక్కో గ్రూపు నుంచి ఇద్దరు క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తారు. ఆ క్వార్టర్ ఫైనల్ చేరడమే అండర్-17 ప్రపంచకప్‌కు దారి. అక్కడి గ్రూపులన్నీ నాలుగు జట్లవే, రెండో స్థానానికి చోటు ఖాయం, కాబట్టి 6వ మెట్టు అక్కర్లేదు. 3, 4, 5 మెట్లు చాలు.

అమ్మాయిల జట్టుకూ ఇదేనా? పద్ధతి ఇదే, చోట్ల సంఖ్య వేరు. 2025 అక్టోబరులో బిష్కెక్‌లో మన అండర్-17 అమ్మాయిలు మూడు జట్ల గ్రూపులో కిర్గిజ్‌స్థాన్‌పై 2-1, ఉజ్బెకిస్థాన్‌పై 2-1తో గెలిచారు. రెండు ఆడి రెండూ గెలిచారు, 6 పాయింట్లు, గ్రూపు మొదటి స్థానం. అలాంటప్పుడు కాగితం తీయక్కర్లేదు.